గుండె జబ్బున్న కుక్క ఇంట్లో ఉంటే దిగులును అదుపులో పెట్టుకోవడం ఎలా: అంచెలంచెల మార్గదర్శి

ఇంట్లో కుక్కకు గుండె జబ్బని తేలిన రోజు నుంచి ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండదు. కుక్క మాత్రం ఎప్పటిలాగే గిన్నె దగ్గరికి వస్తుంది, గేటు చప్పుడైతే మొరుగుతుంది, సోఫా మీద తన చోటు చూసుకుని పడుకుంటుంది. మనకే అది దగ్గితే ఉలికిపాటు. దగ్గకుండా చాలాసేపు కదలక పడుకుంటే ఇంకా ఉలికిపాటు. వారం పది రోజుల జబ్బైతే ఇలా ఎలాగో గడిచిపోతుంది. దీర్ఘకాలపు జబ్బు నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగుతుంది. అన్నాళ్లు బిక్కుబిక్కుమంటూ బతకడం ఎవరి తరమూ కాదు, దానివల్ల కుక్కకు ఒరిగేదీ ఏమీ లేదు.

'కుక్క కోసం ఇంత బాధపడాలా' అనే మాట మీకు ఈపాటికే వినబడి ఉంటుంది. 2017లో అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్ బృందం, జబ్బుపడ్డ పెంపుడు జంతువులను చూసుకునేవాళ్లనూ ఆరోగ్యంగా ఉన్నవాటిని పెంచుకునేవాళ్లనూ పోల్చి చూసింది. మొదటివాళ్లలో ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మంచం పట్టిన పెద్దవాళ్లకు సేవ చేసేవాళ్లు మోసే భారంలాంటిదే ఇదీ. మీరు అతిగా ఆలోచిస్తున్నారని ఎవరైనా అంటే పట్టించుకోకండి. భారం నిజమే. దాన్ని ఎలా మోయాలన్నదే ఇక్కడ విషయం.

గుండె కవాటం జబ్బును ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను, మా లక్కీకి ఉన్నది అదే కాబట్టి. కిడ్నీ జబ్బు, షుగరు, మూర్ఛ ఉన్న కుక్కలకు లెక్కలు, మందులు వేరేగా ఉంటాయి. దిగులును పట్టుకునే పద్ధతి మాత్రం చాలావరకు ఇదే.

1. భయాలన్నీ కాగితం మీద పెట్టండి

మనసులో ఉన్నంతసేపు భయం ఒక్క ముద్దలా ఉంటుంది. 'దానికేమైనా అయిపోతే' అన్న ఒక్క మాటలో పది ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. ఒక నోటుబుక్కు తీసుకుని వాటిని ఒక్కొక్కటిగా రాయండి. రాత్రి ఆయాసం వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలి? మందు వేళ దాటితే ఏమవుతుంది? ఇంకెన్నాళ్లు బతుకుతుంది? నేను ఆఫీసులో ఉన్నప్పుడు పడిపోతే? డబ్బు సరిపోతుందా? దానికి నొప్పిగా ఉందా?

రాశాక ప్రతి ప్రశ్న పక్కనా మూడింట్లో ఒక గుర్తు పెట్టండి. డాక్టరు జవాబు చెప్పగలిగినవాటికి 'డా', ఇంట్లో నేను చేయగలిగినవాటికి 'నే', ఎవరూ చెప్పలేనివాటికి అడ్డగీత. 'రాత్రి ఎక్కడికి' అన్నది 'నే'. రేపు నాలుగు ఫోన్లు చేస్తే తేలిపోతుంది. 'నొప్పిగా ఉందా' అన్నది 'డా'. 'ఇంకెన్నాళ్లు' అన్నదానికి అడ్డగీతే. చాలామందికి ఈ జాబితాలో అడ్డగీతలు రెండో మూడో మించవు. మిగతావన్నీ పనులే. రాత్రింబవళ్లు మనల్ని తినేసేది ఎక్కువగా చేయకుండా వదిలేసిన పనులే అని నా నమ్మకం. ఈ మార్గదర్శిలో సగం వాటిని తెమల్చడం గురించే.

2. జబ్బు పేరు, అది ఏ దశలో ఉందో కచ్చితంగా తెలుసుకోండి

'గుండె పెద్దదైంది', 'గుండె వీక్‌గా ఉంది' అన్న మాటలతో ఇంటికి వచ్చేస్తే భయం రెట్టింపవుతుంది. అసలు ఏం జరుగుతోందో ఒకసారి కూర్చుని అర్థం చేసుకుంటే మంచిది.

కుక్కల్లో వయసుతోపాటు వచ్చే గుండె జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మైట్రల్ కవాటం చెడిపోవడం. గుండె ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య ఉండే ఆ తలుపు క్రమంగా మందమై, సరిగా మూసుకోదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి కారుతుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని 'మర్మర్ ఉంది' అనేది ఆ కారే చప్పుడునే. పోమరేనియన్ అని మనం పిలుచుకునే స్పిట్జ్ కుక్కలు, డాక్స్‌హండ్‌లు, ఇలా 20 కిలోల లోపు చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. డాబర్‌మాన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద కుక్కలకు వచ్చేది వేరే. వాటిలో గుండె కండరమే బలహీనపడుతుంది. దాని దారి వేరు.

ఈ కవాటం జబ్బుకు పశువైద్యులు ప్రపంచమంతటా వాడే దశలు ఉన్నాయి, ఇంగ్లిష్ అక్షరాలే వాటి పేర్లు. ఏ అంటే జబ్బు రాగల జాతి, ఇంకా రాలేదు. బి1 అంటే మర్మర్ ఉంది, గుండె పెరగలేదు. బి2 అంటే గుండె పెరిగింది, పైకి లక్షణాలు లేవు. సి అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ఇప్పుడు ఉంది, లేదా ఎప్పుడో ఒకసారి వచ్చింది. డి అంటే మామూలు మందులకు లొంగడం లేదు. మీ కుక్క ఏ అక్షరం దగ్గర ఉందో డాక్టరును అడగండి. బి1లో ఉన్న కుక్కలు చాలావాటికి గుండె వైఫల్యం దాకా రానే రాదు. అవి ముసలివై వేరే కారణాలతో పోతాయి. ఈ ఒక్క సంగతి తెలియక బి1 కుక్క యజమానులు డి దశలో ఉన్నవాళ్లలా ఏడుస్తుంటారు.

బి1, బి2 తేడా స్టెతస్కోపుకు తెలియదు. ఎక్స్‌రే తీయాలి, వీలైతే ఎకో స్కానింగ్ చేయించాలి. ఆ తేడా ఎందుకు ముఖ్యమంటే, బి2లో పైమోబెండాన్ అనే మందు మొదలుపెడితే గుండె వైఫల్యం సగటున సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని 2016లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. కుక్క జీవితంలో 15 నెలలంటే చాలా ఎక్కువ. బి1లో ఆ మందు అవసరం ఉండదు.

ఎకో అన్నిచోట్లా ఉండదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటు క్లినిక్కులతో పోలిస్తే ఇక్కడ ఖర్చు తక్కువ. బయల్దేరే ముందు ఫోన్ చేసి కుక్కలకు ఎకో చేస్తారా, ఏ రోజుల్లో చేస్తారు అని అడగండి. జబ్బు కుక్కను ఎండలో వంద కిలోమీటర్లు తిప్పి ఖాళీగా వెనక్కి రావడం ఎవరికీ మంచిది కాదు.

డాక్టరు దగ్గరికి ప్రశ్నలు రాసుకునే వెళ్లండి. గది లోపలికి వెళ్లాక, బల్ల మీద వణికే కుక్కను పట్టుకుని, ఏదీ గుర్తుకు రాదు. వీలైతే ఇద్దరు వెళ్లండి. ఒకరు కుక్కను పట్టుకుంటే ఇంకొకరు వింటారు. 'మీరు చెప్పేది రికార్డు చేసుకోవచ్చా అండీ' అని అడిగితే చాలామంది డాక్టర్లు కాదనరు.

3. ఊపిరి లెక్కించడం నేర్చుకోండి

ఈ మొత్తంలో మీరు ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. గుండె వైఫల్యంలో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం మొదలైతే, ఆయాసం పైకి కనిపించకముందే నిద్రలో ఊపిరి వేగం పెరుగుతుంది. ఆ పెరుగుదలను ముందే పట్టుకునేది ఇంట్లోవాళ్లే. అందుకు యంత్రమేదీ అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు.

కుక్క గాఢంగా నిద్రపోయేదాకా ఆగండి. పక్కకు తిరిగి పడుకుంటే పక్కటెముకల వెనక, పొట్ట మొదలయ్యే చోట చర్మం పైకి లేచి కిందికి దిగడం కనిపిస్తుంది. లేచి దిగితే ఒకటి. బొచ్చు కుక్క అయితే చీకట్లో అది కనబడదు. ఫోన్ లైటు నేరుగా దాని మీద కాకుండా గోడ మీద పడేలా పెట్టండి, లేదా ముక్కుకు అంగుళం దూరంలో వేలు పెట్టి గాలి తగలడం లెక్కపెట్టండి. 30 సెకన్లు లెక్కించి రెండుతో గుణించండి. కాళ్లు కొట్టుకుంటూ, మూతి అదురుతూ కలగంటున్నప్పుడు ఊపిరి అడ్డదిడ్డంగా ఉంటుంది, అప్పుడు లెక్కించవద్దు. ఎండన పడి నాలుక చాచి ఒగరుస్తున్నప్పుడూ వద్దు. గది చల్లగా ఉండాలి, ఆడుకుని వచ్చి కొంతసేపైనా అయి ఉండాలి.

నిద్రలో నిమిషానికి 30 లోపు ఉంటే మంచిది. చాలా కుక్కలు అంతకన్నా బాగా తక్కువే తీసుకుంటాయి. మొదటి వారం రోజూ లెక్కించి రాస్తే మీ కుక్క మామూలు లెక్క ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత రోజుకొకసారి చాలు. 30 దాటితే కంగారుపడకుండా కాసేపాగి మళ్లీ చూడండి. మళ్లీ దాటితే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. 30 లోపే ఉన్నా 18, 21, 24, 27 అంటూ రోజురోజుకూ ఎక్కుతుంటే అదీ చెప్పాల్సిన విషయమే.

నోటుబుక్కులో అయిదు గళ్లు చాలు: తేదీ, నిద్రలో ఊపిరి, దగ్గు, తిండి, మందులు. దగ్గు గడిలో 'లేదు, కొంచెం, ఎక్కువ' అన్న మూడు మాటల్లో ఒకటి రాస్తే సరిపోతుంది. పొద్దున్నే లేవగానే రెండు దగ్గులు దగ్గి ఊరుకోవడం ఈ కుక్కల్లో మామూలే. పెరిగిన గుండె శ్వాసనాళాన్ని నొక్కడం వల్ల కావచ్చు, పోమరేనియన్లలో నాళమే మెత్తబడి ముడుచుకోవడం వల్ల కావచ్చు. దగ్గు ఒక్కదాన్నే చూసి భయపడకండి. ఊపిరి లెక్క బాగుంటే ఆ దగ్గు రాత్రికి రాత్రి ప్రాణం మీదికి తెచ్చేది కాకపోవచ్చు. దగ్గినప్పుడు వీడియో తీసి తర్వాతి చూపులో డాక్టరుకు చూపించండి. మెడ పట్టీ తీసేసి ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేయండి.

ఇందులో మన మనసుకు కలిగే మేలు ఒకటుంది. 'ఎందుకో డల్‌గా ఉంది' అన్న అనుమానం రాత్రంతా నడుస్తుంది. '22' అని రాసుకున్నాక ఆ రాత్రికి దాని జవాబు దొరికినట్టే.

4. రాత్రి పూట ప్రణాళిక పగటి పూటే వేయండి

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా లెక్కలు, గూగుల్ పక్కన పెట్టి వెంటనే బయల్దేరాలి: మెడ చాచి, మోచేతులు ఎడంగా పెట్టి, పడుకోలేక కూర్చునే ఊపిరి పీల్చడం, పొట్ట బలంగా కదులుతూ శ్వాస లాగడం, చిగుళ్లు, నాలుక గులాబీ రంగు పోయి నీలంగానో బూడిదగానో పాలిపోయో ఉండటం, ముక్కు, నోటి నుంచి నురగ, స్పృహ తప్పి పడిపోవడం. స్పృహ తప్పిన కుక్క అర నిమిషంలో లేచి తోక ఊపినా సరే, డాక్టరుకు ఆ రోజే చెప్పాలి. చిగుళ్ల మామూలు రంగు ఎలా ఉంటుందో ఆరోగ్యంగా ఉన్న రోజే చూసి పెట్టుకోండి. కొన్ని కుక్కలకు చిగుళ్లే నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కింది కనురెప్ప లోపలి భాగం చూడండి.

ఇప్పుడు కాగితం మీద నాలుగు విషయాలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మన డాక్టరు నంబరు, ఆయన రాత్రి ఎన్నింటి దాకా ఫోనెత్తుతారో. రాత్రంతా తెరిచి ఉండి, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రి పేరు, దారి. అక్కడికి తీసుకెళ్లే వాహనం. ఆయాసమొస్తే ఇంట్లో ఫురోసెమైడ్ (ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని ఉచ్చ ద్వారా బయటికి పంపే మందు) అదనంగా ఇవ్వవచ్చా, ఎంత ఇవ్వాలి అన్నదానికి డాక్టరు రాసిచ్చిన మాట. ఆ చివరిది డాక్టరు ముందే చెప్పి ఉంటే తప్ప సొంతంగా చేయకండి.

ఆటోవాళ్లు, క్యాబ్‌వాళ్లు అర్ధరాత్రి కుక్కను ఎక్కించుకోకపోవచ్చు. కారున్న పక్కింటివాళ్లతో ఇవాళే మాట్లాడండి: 'అన్నా, మా లక్కీకి గుండె జబ్బు. ఎప్పుడైనా రాత్రి అవసరమైతే నిన్ను లేపుతాను, ఏమనుకోకు.' నేను చూసినంతలో ఇలా ముందే చెప్పి అడిగితే కాదన్నవాళ్లు లేరు. చిన్న ఊళ్లో ఉంటే, రాత్రి ఆసుపత్రి గంటన్నర దూరంలో ఉంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఆయన ఇచ్చే సూచనలు దాన్ని బట్టి మారతాయి. అమెరికాలాంటి దేశాల్లో ఉన్నవాళ్లకు రాత్రి ఎమర్జెన్సీ ఆసుపత్రి దొరకడం తేలికే, బిల్లే బరువు. జబ్బు తేలాక తీసుకున్న ఇన్సూరెన్స్ సాధారణంగా ఆ జబ్బుకు వర్తించదు కాబట్టి ఎంత దాకా పెట్టగలరో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఫోన్ చేసినా వాట్సాప్ పెట్టినా చెప్పాల్సింది ఇలా చెప్పండి:

'డాక్టరు గారూ, నమస్కారం. లక్కీ, పోమరేనియన్, 11 ఏళ్లు, మైట్రల్ జబ్బు, సి దశ. నిద్రలో ఊపిరి ఇన్నాళ్లూ 20, 22 ఉండేది. ఇవాళ రాత్రి గంట తేడాతో రెండుసార్లు 36 వచ్చింది. చిగుళ్లు గులాబీగానే ఉన్నాయి. రాత్రి అన్నం సగమే తింది. మందులన్నీ వేళకు వేశాం. ఏం చేయమంటారు?'

'డాక్టరు గారూ, ఎలాగో ఉందండీ' అంటే ఆయన ఏమీ చెప్పలేరు. పై ముక్క చదివితే ఒక్క నిమిషంలో నిర్ణయం తీసుకోగలరు.

దారిలో కుక్కను ఒళ్లో గట్టిగా హత్తుకోకండి, ఛాతీ మీద ఒత్తిడి పడుతుంది. అది ఎలా కూర్చుంటే అలాగే కూర్చోనివ్వండి. ఏసీ వేయండి, నోట్లో నీళ్లు పోయకండి. 'ఆయాసంతో ఉన్న గుండె జబ్బు కుక్కను తెస్తున్నాం, ఆక్సిజన్ కావాలి' అని ముందే ఫోన్ చేయండి.

5. మందుల వేళను ఇంటి అలవాటుగా మార్చండి

పైమోబెండాన్ 12 గంటలకొకసారి, ఖాళీ కడుపున, తిండికి సుమారు గంట ముందు వేయాలి. పొద్దున 7, రాత్రి 7 అయితే గుర్తుండటం తేలిక. రోజులు, పూటలు రాసి ఉండే మాత్రల డబ్బా కొనండి. ఇంట్లో ఇద్దరు మందు వేసే చోట 'నువ్వు వేశావనుకున్నా' అన్న మాటకు చోటుండదు. గడి ఖాళీగా ఉంటే వేసినట్టు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేయకండి. మందు అన్ని షాపుల్లోనూ దొరకదు కాబట్టి పది రోజులకు సరిపడా ఉండగానే తెప్పించండి.

ఫురోసెమైడ్ వాడే కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, మాటిమాటికీ ఉచ్చ పోస్తుంది. 'నీళ్లు తగ్గిస్తే సరి' అని గిన్నె తీసేయవద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ మందు మొదలుపెట్టిన వారం రెండు వారాలకు కిడ్నీ పరీక్ష చేయిస్తారు, దాన్ని వాయిదా వేయకండి. అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఉంటే బాల్కనీలో పాత పేపర్లు పరవండి. తడిపినందుకు కసరకండి, పాపం అది దాని చేతుల్లో లేదు.

మాత్ర దేనిలో దాచాలన్నది మన ఇళ్లలో పెద్ద సమస్య. ఉప్పు తగ్గించాలి కాబట్టి చీజ్, సాసేజ్, చిప్స్, అప్పడం వద్దు. అరటిపండు ముక్క, ఉడికించిన గుడ్డులో పచ్చసొన, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ పీస్ బాగా పనికొస్తాయి. మన కూరల్లో పడే ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలకు ప్రమాదం. మనుషుల దగ్గు సిరప్, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంట్లో ఉన్నాయి కదా అని వేయకండి. నాయనమ్మ ప్రేమగా పెట్టే పప్పన్నం, ఆవకాయ అంటిన ముద్ద దగ్గరే ఇంట్లో గొడవలు మొదలవుతాయి. 'వద్దు' అని చేతిలోంచి లాక్కుంటే ఆమె నొచ్చుకుంటుంది. 'నాయనమ్మా, దానికి నువ్వే పెట్టు, కానీ ఈ డబ్బాలోవి పెట్టు' అని ఉప్పు లేని చికెన్ ముక్కలో క్యారెట్ ముక్కలో ఒక డబ్బాలో వేసి ఆమె చేతికే ఇవ్వండి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ పడకముందే తిప్పుకుని రండి, చల్లని గచ్చు మీద పడుకోనివ్వండి. దీపావళికి రెండు వారాల ముందే డాక్టరుతో మాట్లాడి, టపాసుల భయానికి ఏం ఇవ్వవచ్చో అడిగి పెట్టుకోండి.

6. దిగులుకు ఒక వేళ పెట్టండి

పనులన్నీ అయ్యాక కూడా అడ్డగీత పెట్టిన ప్రశ్నలు మిగులుతాయి. ఇంకెన్నాళ్లు? మందులు పనిచేయకపోతే? వీటిని ఆలోచించవద్దని మనసుకు చెబితే అది వినదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్ 1983లో ఒక పద్ధతిని పరీక్షించారు. అది నాకు బాగా పనికొచ్చింది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అరగంట పాటు దిగులు పడటానికి కేటాయించాలి. మిగతా వేళల్లో ఆ ఆలోచన వస్తే 'సాయంత్రం ఆరున్నరకు' అని ఒక ముక్క రాసుకుని చేతిలో పనికి తిరిగి రావాలి. ఆరున్నరకు కూర్చుని ఆ చీటీ తీసి మనసారా దిగులు పడాలి, ఏడుపొస్తే ఏడవాలి. రాత్రి నిద్రకు దగ్గరగా మాత్రం ఈ వేళ పెట్టుకోకండి. కొన్ని రోజులు పోయాక ఆ చీటీలో సగం ప్రశ్నలు సాయంత్రానికి ముఖ్యమనిపించవు.

దీనితోపాటు రెండు కట్టుబాట్లు పెట్టుకోండి. ఊపిరి రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు లెక్కించాలి. గంటకోసారి లేచి పొట్ట మీద చెయ్యి పెట్టి చూడటం మొదలైతే లెక్క మందు కాదు, అదే జబ్బవుతుంది. కుక్కకూ నిద్ర పాడవుతుంది. దూరంగా ఉంటే భయమనిపిస్తే మీ పక్క కుక్క ఉన్న గదిలోనే వేసుకోండి. నిజమైన ఆయాసం వస్తే ఆ అలికిడికి మెలకువ వస్తుంది. రెండోది, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్లో జబ్బు గురించి వెతకడం మానేయండి. అక్కడ మీకు దొరికేవి ఎక్కువగా విషాదంగా ముగిసిన కథలు. మందులతో రెండేళ్లు హాయిగా బతికిన కుక్క గురించి దాని యజమాని రాత్రి రెండింటికి రాయడు.

7. ఒక్కరే మోయకండి

జబ్బు కుక్క ఉన్న ఇంట్లో సాధారణంగా ఒక్క మనిషే మొత్తం భారం మోస్తుంటారు, మందులు, ఆసుపత్రి, రాత్రి మెలకువలు అన్నీ. మిగతావాళ్లకు ప్రేమ లేక కాదు, ఏం చేయాలో తెలియక దూరంగా ఉంటారు. 'కాస్త సాయం చేయొచ్చుగా' అని విసుక్కునే బదులు, పేరు పెట్టి పని అప్పగించండి. ఆదివారం రాత్రి మందు ఆయనది. నోటుబుక్కులో రాయడం పదో తరగతి చదివే అబ్బాయిది. మందులు తేవడం తమ్ముడిది. పిల్లలకు ఊపిరి లెక్కించడం నేర్పితే చాలా శ్రద్ధగా చేస్తారు. జబ్బు సంగతి వాళ్ల దగ్గర దాచకండి. దాస్తే వాళ్లు మన ముఖాలు చూసి ఇంతకన్నా ఘోరమైనది ఊహించుకుంటారు.

డబ్బు విషయంలో నామోషీ వద్దు. 'నెలకు ఇంత మించి పెట్టలేమండీ, ఇందులో ఏది ముందు చేయాలి' అని డాక్టరును సూటిగా అడగండి. ఏ పరీక్ష ఇప్పుడే కావాలో, ఏది ఆగగలదో ఆయన చెబుతారు. అడగకుండా మొహమాటపడి మధ్యలో మందు ఆపేయడం కుక్కకు ప్రమాదం.

మీ నిద్ర వరుసగా చెడిపోతుంటే, తిండి సయించకపోతే, ఆఫీసులో పని మీద మనసు నిలవకపోతే, ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడుతుంటే, సాయం అడగడానికి ఇంకా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. 'కుక్క గురించి' అని చెప్పడానికి సంకోచించకండి. 'ఇంట్లో దీర్ఘరోగిని చూసుకుంటున్నాను, నిద్ర లేదు' అని మొదలుపెట్టండి, అది అక్షరాలా నిజం.

8. మంచి రోజులను కూడా లెక్కలో రాయండి

క్యాలెండర్ మీద రోజు గడిచాక ఒక గుర్తు పెట్టండి. తనంతట తాను తిని, మనల్ని చూసి తోక ఊపి, ఆయాసం లేకుండా పడుకుంటే సున్నా చుట్టండి. అవేవీ లేకపోతే అడ్డగీత. దిగులులో ఉన్న మనసుకు నిన్నటి చెడ్డ రాత్రి మాత్రమే గుర్తుంటుంది. క్యాలెండర్‌కు నెలంతా గుర్తుంటుంది. ఇరవైకి పైగా సున్నాలున్న నెలను చూస్తే, అది బతుకుతున్న తీరు మన భయం చెప్పినంత అధ్వానంగా లేదని తెలుస్తుంది.

అడ్డగీతలు పెరుగుతూ వస్తే ఇంకో మాట మాట్లాడుకోవాలి. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ రూపొందించిన కొలత దానికి పనికొస్తుంది. నొప్పి లేకపోవడం, తేలిగ్గా ఊపిరి ఆడటం ఒక అంశం. తిండి, ఒంట్లో నీటి శాతం, శుభ్రత, ఉత్సాహం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువగా ఉండటం మిగతా ఆరు. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. మొత్తం 35 దాటితే దాని బతుకు ఫర్వాలేదని అర్థం. ఇంట్లో ఇద్దరు ఒకరికొకరు చూపించకుండా మార్కులు వేసి తర్వాత పోల్చుకోండి. తేడా వచ్చిన అంశం దగ్గరే మాట్లాడుకోవాల్సింది ఉంటుంది.

చివరి నిర్ణయం గురించి డాక్టరును ముందే అడగడం అపశకునమేమీ కాదు. ముందు మత్తు ఇచ్చి, ఆ తర్వాత ఎక్కువ మోతాదులో మత్తుమందు ఇంజెక్షన్ ఇస్తారు. నిద్రలోనే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇంటికి వచ్చి చేస్తారా, మనం పక్కన ఉండవచ్చా, తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలి అని అడిగి పెట్టుకోండి. హైదరాబాద్‌లో నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది. సొంత స్థలం ఉన్నవాళ్లు పాతిపెట్టుకోవచ్చు. ఆయాసంతో కొట్టుకుంటున్న కుక్క పక్కన కూర్చుని ఈ ప్రశ్నలు అడగాల్సి రావడం చాలా కష్టం. ఇప్పుడు అడిగితే కష్టంగా ఉంటుంది కానీ జవాబు విని అర్థం చేసుకునే స్థితిలో ఉంటాం.

9. ఊరెళ్లాల్సి వస్తే

పెళ్లిళ్లూ సంక్రాంతీ మానేసి ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవడం కుదరదు, అక్కర్లేదు కూడా. వీలైనంతవరకు బోర్డింగ్‌లో పెట్టేకన్నా, కుక్కకు తెలిసిన మనిషే ఇంట్లో ఉండేలా చూడండి. వెళ్లే ముందు రెండు మూడు రోజులు వాళ్లచేతే మందు వేయించి, ఊపిరి లెక్కింపజేసి, మీరు పక్కన ఉండి చూడండి. ఒకే పేజీలో మందుల వేళలు, పెట్టకూడనివి, 30 దాటితే ఎవరికి ఫోన్ చేయాలి, వెంటనే బయల్దేరాల్సిన లక్షణాలు రాయండి. ఖర్చుకు కొంత డబ్బు చేతికివ్వండి. 'ఏదైనా అయితే నా కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు' అని నోటితో స్పష్టంగా చెప్పండి. లేకపోతే మిమ్మల్ని అడగకుండా ఎలా అని వాళ్లు ఆగిపోతారు.

రోజుకు ఒకసారి, అనుకున్న వేళకే ఫోన్ చేయండి. లెక్క ఎంతో అడిగి, వాళ్లకు థాంక్స్ చెప్పి పెట్టేయండి. మందు మారిన ప్రతిసారీ ఆ పేజీ కొత్తగా రాసి, పాతది చించేయండి. రెండు కాగితాలుంటే ఏది చూడాలో తెలియక ఇంట్లో ఉన్న మనిషి అర్ధరాత్రి తికమక పడతారు.